చిత్తుపటంలోని చెయ్యి

మా ఆయన అచ్యుత నోట్లో నాలుక లేని మనిషి. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన ఎవరినైనా గట్టిగా ఒక మాట అనగా నేను వినలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఇంకో లోటా నీళ్ళు తాగుతాడు తప్ప ఎక్కువైందని అనడు. దాన్ని ఊరంతా మంచితనం అంటుంది. నేను పిరికితనం అంటాను. కాపురం చేసినదాన్ని నేను కదా, నాకు తెలుస్తుంది.

మేముండేది కోలారు బంగారు గనుల దగ్గర చాంపియన్ రీఫ్స్‌లో, గనుల ఆఫీసులో గుమాస్తాగా ఉన్నప్పుడు మా మామగారికి వచ్చిన ఇంట్లో. కొడుకును కూడా గుమాస్తా చేద్దామని ఆయన ముచ్చటపడ్డాడు. కొడుకు పెన్ను వదిలి బ్రష్షు పట్టాడు. అంగళ్ళకు బోర్డులు రాసేవాడు. తెలుగు, కన్నడం, తమిళం, ఇంగ్లీషు, ఏ అక్షరమైనా ఆయన చేతిలో గుండ్రంగా కూర్చునేది. ఫ్లెక్సులు వచ్చి ఆ పనిని మింగేశాయి. ఆ తర్వాత చచ్చిపోయినవాళ్ళ పటాలు, గుళ్ళకు దేవుడి పటాలు వెయ్యడం మొదలుపెట్టాడు. నేను బడిలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చేసరికి ఇల్లంతా టర్పెంటైన్ వాసన. ఇప్పుడు రిటైరయ్యాను, రోజంతా ఆ వాసనే.

ఆయనకు పేరొచ్చింది మచ్చలు తీసెయ్యడంలో. పోయినవాళ్ళ ఫోటో తెచ్చి, 'సార్, ఈ పులిపిరి వద్దు, ఈ గాటు వద్దు' అంటారు. ఆయన తీసేస్తాడు. అందులో చెయ్యి తిరిగిన మనిషి. కోలారు నుంచి ముళబాగిలు దాకా ఆయన్ని 'మచ్చల్లేని అచ్యుత' అంటారు.

ఆరేళ్ళ కిందట నయన అనే పిల్ల ఫోటో వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, బావిలో పడి పోయిందని అత్తింటివాళ్ళు చెప్పారు. ఫోటోలో కనుబొమ్మ మీద గాటు ఉంది, దవడ కింద నీలంగా కమిలి ఉంది. 'అవి వద్దు సార్' అన్నాడు ఆ మొగుడు. మా ఆయన తీసేశాడు. పటం చూడటానికి వచ్చిన ఆ పిల్ల తల్లి మా గుమ్మంలోనే నిలబడి, 'నా బిడ్డ మొకం మింద దెబ్బ ఉండాల కదప్పా, అది యాడికి పోయె?' అని అడిగింది. ఈయన నేల చూపులు చూశాడు. నేను ఆ రోజు ఆయనకు అన్నం పెట్టలేదు.

ఒక్క చిత్తులో మాత్రం ఆయన అబద్ధం ఆడడు. పెద్ద పటానికి ముందు మూరెడు హార్డ్‌బోర్డు ముక్క మీద ఆయిల్ రంగులతో గబగబా ఒక నమూనా వేసుకుంటాడు. దాన్నే చిత్తు అంటాడు. ఎదురుగా ఏముంటే అందులో అదే ఉంటుంది, మచ్చతో, మట్టితో సహా. తర్వాత పెద్ద పటంలో ఆ మచ్చలన్నీ కొట్టేస్తాడు. నయన చిత్తు ఇప్పటికీ మా బీరువా వెనక ఉంది, కనుబొమ్మ మీద గాటుతో. ఆయన దాన్ని చూడడు, పారెయ్యడు.

కిందటేడు ముళబాగిలు పక్కన నక్కలగడ్డ నుంచి ఎల్లమ్మ గుడి కమిటీవాళ్ళు వచ్చారు. ఎల్లమ్మ అంటే రేణుక, పరశురాముడి తల్లి. వాళ్ళింటి కామధేనువును కార్తవీర్యుడు దౌర్జన్యంగా తోలుకుపోతే, పరశురాముడు గొడ్డలి ఎత్తి వాడి వెయ్యి చేతులూ నరికాడు. ఆ నరుకుడు మా సీమలోనే జరిగిందనీ, ఆ గోలకే ఊరికి కోలాహలపురం అని పేరొచ్చి అదే కోలారు అయిందనీ మావైపు చెప్పుకుంటారు. కమిటీకి ఆ నరుకుడే కావాలి, ఎనిమిదడుగుల పటంలో. 'రక్తం బాగా కనబడాల సార్' అన్నాడు కమిటీ అధ్యక్షుడు మునిశంకర్. ముప్పై ఐదేళ్ళవాడు, ఇళ్ళ సైట్లు అమ్మే వ్యాపారం, జిమ్ముకు పోయి పెంచిన చేతులు.

కామధేనువు కోసం మా ఆయన నక్కలగడ్డ వెళ్ళి లక్ష్మీదేవమ్మ ఆవును చూసి వేసుకొచ్చాడు. లక్ష్మీదేవమ్మ మునిశంకర్‌కు పెదనాన్న భార్య. మొగుడు పోయాక, హైవే పక్కన రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగులు, గౌరి అనే ఆవు, ఇవీ ఆమె బతుకు. గౌరి పెయ్యగా ఉన్నప్పుడు తన్నితే ఆమెకు పైవరస ముందు పళ్ళు రెండు పోయాయి. కిందివరసలో ఒక పన్ను అడ్డంగా ఉంది. 'నా గౌరిని కామధేనువును చేస్తావా సామీ? కామధేనువు ఇట్ల తన్నునా?' అని ఆ సందంతా కనబడేలా నవ్విందని, మా ఆయన ఇంటికొచ్చి నాకు చెప్పి తానూ నవ్వాడు. ఆయన అంత నవ్వడం అరుదు.

మునిశంకర్‌కు ఆ రెండెకరాలు కావాలి. హైవే పక్కన లేఅవుట్ వేస్తే బంగారం పండుతుంది. ఆమె సంతకం పెట్టనంది.

పదిహేను రోజుల తర్వాత ఒక మంగళవారం, మిట్టమధ్యాహ్నం, ఆమె ఆకు కోస్తుంటే హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు తోటలోకి వచ్చాడు. ముందు గట్టు మీద కట్టేసి ఉన్న గౌరి దగ్గరికి పోయి, కొమ్మలు నరికే మచ్చుకత్తితో దాని వెనక కాళ్ళ నరాలు తెగనరికాడు. ఆవు కూలబడి అరిచింది. ఆమె పరిగెత్తుకొచ్చి వాడి మీద పడింది. వాడు ఆమెను జుట్టు పట్టుకుని సాళ్ళలో ఈడ్చాడు. డొక్కలో తన్నాడు, పక్కటెముకలు రెండు విరిగాయి. రొమ్ము మీద మోకాలు పెట్టి గొంతు నొక్కాడు. ఇంత చేసినా నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. అంటే గొంతు గుర్తుపడుతుందని భయం.

వాడి ఎడమ చెయ్యి ఆమె నోటికి అందింది. కొరికింది. నోట్లోకి రక్తం వచ్చినా వదల్లేదు. వాడు కత్తి పిడితో చెవి మీద కొట్టి విడిపించుకున్నాడు. ఆ చెవి ఇప్పుడు వినబడదు. ఆవు సాయంత్రం దాకా అరిచి చచ్చిపోయింది.

స్టేషన్లో గొలుసు దొంగ అని రాసుకున్నారు. ఆమె మెడలో గొలుసు ఉన్నదెప్పుడు? 'మునిశంకరడే' అని ఆమె అంటే, మునిశంకర్ తల్లి ఆదిలక్ష్మమ్మ వచ్చి, 'నా కొడుకు ఆ పొద్దు ఇంట్లో నా చేతి సంగటి తింటా ఉన్నాడు' అని చెప్పింది. తల్లి చెప్పాక ఇంకెవరు అడుగుతారు? అందరూ చేతులు దులుపుకున్నారు.

ఆ గురువారమే మునిశంకర్ మా ఇంటికొచ్చాడు. పరశురాముడి చేతులకు తన్ను చూసి వెయ్యాలని ముందే మాటైంది. అది వాడి ముచ్చట. ఎడమ ముంజేతికి కట్టు ఉంది. 'కుక్క కరిచె సార్' అని, తానే కట్టు విప్పేశాడు. 'పరశురాముడికి కట్టు ఉంటుందా? అయినా మీరు మచ్చ తీసేస్తారు కదా?'

'తీసేస్తాను' అన్నాడు మా ఆయన.

కుడి చెయ్యి ఎత్తించి గొడ్డలి పట్టించాడు. ఆ తర్వాత, నరికిన చేతులు ఎలా పడి ఉంటాయో చూసుకోవడానికి, ఎడమ చేతిని బల్ల మీద అటూ ఇటూ పడేయించి, ఆవును వేసిన ఆ చిత్తులోనే వేసుకున్నాడు. 'ఇన్ని ఎందుకు సార్?' అని వాడు అడిగితే, 'అన్నీ పరశురాముడికేనప్పా' అన్నాడు. నేను కాఫీ ఇచ్చాను. ఆ చేతికే ఇచ్చాను, అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. లక్ష్మీదేవమ్మకు జరిగింది అప్పటికి నా చెవిన పడలేదు. మా ఆయన చెవిన పడింది. పొద్దున రంగులకని ముళబాగిలు వెళ్ళి విని వచ్చాడట. ఇది నాకు తర్వాత తెలిసింది.

అయిదు వారాలకు లక్ష్మీదేవమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. బస్సు దిగి ఎండలో నడిచొచ్చింది, పక్కటెముకలు పట్టుకుని. కూర్చోమంటే కూర్చోలేదు.

'అమ్మా, నా గౌరి బొమ్మ ఒకటి మీ ఇంట్లో ఉండాదంట. ఇంట్లో దాని ఫోటో కూడా లేదు. ఒకసారి చూపిస్తారా?'

మా ఆయన గదిలోంచి రాలేదు. నేనే వెళ్ళి బల్ల మీదున్న చిత్తు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆవును చూసి ఆమె ఏడ్చింది. గంగడోలు మీద వేలు పెట్టి, 'ఈడ గోకితే మెడ చాపుతాండె' అంది. ఆ వేలు మెల్లగా కిందికి జారింది. ఆవు కాళ్ళ దగ్గర నరికిన చేతులు పడి ఉన్నాయి. ఒకదాని ముంజేతి మీద ఎర్రగా పళ్ళ గాటు. మా ఆయన దాన్ని సన్నబ్రష్షుతో వేశాడు. పైన వంపు, మధ్యలో రెండు పళ్ళ సందు. కింద వంపు, అందులో ఒక పన్ను అడ్డంగా.

ఆమె ఏడుపు ఆపేసింది. నా వైపు తిరిగి నోరు తెరిచింది.

అదే సందు, అదే అడ్డపన్ను. అంతా పది నిమిషాల్లో ఆమే చెప్పింది, తోట, హెల్మెట్, ఆవు అరుపు. 'ఇది ఎవురి చెయ్యమ్మా?' అని అడిగింది. చిత్తు వెనక్కి తిప్పాను. ఎవరిని చూసి వేస్తే వాళ్ళ పేరు, తేదీ పెన్సిలుతో రాసుకోవడం మా ఆయన అలవాటు. మునిశంకర్ పేరుంది. ఆ గురువారం తేదీ ఉంది.

'స్టేషన్‌కు పోదాం పద' అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. 'నా నోటి మాటే ఇనలేదు, బొమ్మ మాట ఇంటారా? ఇంటికి పోయి పిల్లప్పన్నను అడిగొస్తా.' పిల్లప్ప నక్కలగడ్డలో పెద్దమనిషి. చిత్తును నా చేతిలో పెట్టి, 'బద్రం తల్లీ' అని వెళ్ళిపోయింది. నేను దాన్ని బియ్యం డబ్బా వెనక దాచాను.

ఆమె వెళ్ళాక నేను గదిలోకి వెళ్ళాను. మా ఆయన పెద్ద కాన్వాసు ముందు కూర్చుని ఉన్నాడు. దాని మీద చేతులన్నీ నున్నగా, ఒక్క గాటు లేకుండా.

'మీకు తెలుసా?'

'తెలుసు.'

'ఎప్పటినుంచి?'

'వాడు కట్టు విప్పినప్పటినుంచి. ఆమె నవ్వు చూసినాను కదా జలజా.'

'అయిదు వారాలు నోరు కుట్టేసుకుని కూర్చున్నారా? ఆ నయన తల్లి అడిగినప్పుడు నేల చూశారు. ఇప్పుడు ఈమె వస్తే గదిలో దాక్కున్నారు. మీకంటే ఆ కొరికిన నోరు నయం!' అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. నేను గోడతో పోట్లాడినట్టయింది. ఆ కోపంలో చిత్తును ఫోన్లో ఫోటో తీసుకోవాలనే బుద్ధి నాకు పుట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే.

మర్నాడు పది గంటలకు మునిశంకర్ దిగాడు. ఆమె మా ఇంటికొచ్చిందని బస్సులో చూసినవాళ్ళెవరో చేరవేశారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, లోపలికొస్తూనే, 'నా చెయ్యి వేసిన ఆ అట్ట యాడ సార్?' అన్నాడు. ఎండాకాలం మొదలైనా ఫుల్ చేతుల చొక్కా, గుండీ పెట్టి ఉంది.

మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన ఒక్క మాట అన్నాడు: 'ఇవ్వను.'

నలభై ఏళ్ళలో ఆయన నోట నేను విన్న మొదటి 'కాదు' అది. నేను నమ్మలేకపోయాను. వాడూ నమ్మలేదు. చెంప మీద కొట్టాడు, కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. జుట్టు పట్టుకుని బల్లకేసి తల మోదాడు. నేను అడ్డం వెళితే తోసేశాడు, మంచంకోడు నా నడుముకు తగిలింది. మా ఆయన కుడిచేతిని తలుపు సందులో పెట్టి, 'యాడ?' అని తలుపు మూశాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ మూశాడు. వేళ్ళు విరిగిన చప్పుడు నాకు వినబడింది, ఎండుపుల్లలు విరిచినట్టు. మా ఆయన అరిచాడు కానీ చెప్పలేదు.

నేను చెప్పాను. బియ్యం డబ్బా వెనకుందని నేనే చెప్పాను. నన్ను ఏమైనా అనండి, మూడోసారి ఆ తలుపు కదలడం చూడలేకపోయాను.

వాడు చిత్తును కాలితో తొక్కి రెండు ముక్కలు చేశాడు. మా టర్పెంటైనే పోసి వాకిట్లో తగలబెట్టాడు. గౌరి కూడా అందులోనే కాలిపోయింది. తర్వాత లోపలికొచ్చి పెద్ద కాన్వాసు చూశాడు. చేతులన్నీ నున్నగా ఉన్నాయి. 'ఇదీ పనంటే' అని నవ్వి, పసుపుగుడ్డ తీసి తన చేత్తోనే పటం మీద కప్పాడు. 'ఇంగ గుడిలో కన్ను తెరిచేదాకా ఎవురూ చూడకూడదు.' గుడ్డ కప్పిన దేవుడి పటాన్ని, పూజలో కళ్ళకు పాపలు దిద్దేదాకా ఎవరూ చూడరు, అది ఆచారం. కమిటీ అధ్యక్షుడు కదా, ఆచారం వాడికి బాగా తెలుసు.

ఆసుపత్రిలో మా ఆయన, 'తలుపు సందులో పడె' అని చెప్పాడు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. విరిగినవి మూడు వేళ్ళు. 'ఇక్కడ కూడా మచ్చ తీసేశారా?' అని ఆసుపత్రి మెట్ల మీదే అడిగాను.

ఇంటికొచ్చాక పసుపుగుడ్డ తీసి పక్కన పెట్టాడు. కుర్చీ లాక్కుని కాన్వాసు ముందు కూర్చున్నాడు. ఎడమచేత్తో సన్నబ్రష్షు తీసుకున్నాడు.

'జలజా, కొంచెం ఎర్రరంగు కలిపిస్తావా? ఇటుక ఎరుపు కాదు, పుండు ఎరుపు.'

'ఎడమచేత్తో ఏం వేస్తారు?'

'మచ్చ వేసేదానికి ఎడమచెయ్యి చాలు.'

నేను కలిపిచ్చాను. పదకొండు రోజులు పొద్దుటినుంచి వెలుతురు పోయేదాకా వేశాడు. గీత తప్పితే తుడిచి మళ్ళీ వేశాడు. చిత్తు కాలిపోయినా ఆ గాటు ఆయన కళ్ళలో ఉంది. వెయ్యి చేతులంటే వెయ్యీ పట్టవు కదా, నేల మీద పడ్డవి అరవై మూడు. అరవై మూడింటికీ వేశాడు. పైన వంపు, రెండు పళ్ళ సందు, కింద అడ్డపన్ను. జీవితమంతా మచ్చలు తీసిన మనిషి. నేను పక్కన స్టూలేసుకుని కూర్చుని, ఇన్నేళ్ళూ ఆయన్ని అన్న మాటలన్నీ తలుచుకుని ఏడ్చాను.

చైత్రంలో గుడి పూజ. పటం గుడ్డతోనే వెళ్ళింది, గుడ్డతోనే గోడకెక్కింది. నక్కలగడ్డ అంతా అక్కడే ఉంది. లక్ష్మీదేవమ్మ ఒక మూల స్తంభానికి ఆనుకుని నిలబడింది. వాడి చెయ్యి కొరికానని ఆమె చెబితే పిల్లప్ప ఆ చిత్తు చూపించమన్నాడట, అప్పటికే అది కాలిపోయింది. మునిశంకర్ మైకు పట్టుకున్నాడు. అంత ఉక్కలోనూ తెల్లటి ఫుల్ చేతుల చొక్కా.

'అచ్యుత సారు గొప్ప పెయింటరు. ఈ పటంలో చేతులన్నీ నన్ను చూసే వేసినారు. నన్ను వాళ్ళింట్లో కూర్చోబెట్టి, నా చేతులే చూసి వేసినారు' అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

మా ఆయన గుడ్డ అంచు కొంచెం ఎత్తి, ఎడమచేత్తో పరశురాముడి కళ్ళకు పాపలు దిద్దాడు. తర్వాత గుడ్డ లాగేశాడు.

ముందు అందరూ గొడ్డలి చూశారు, రక్తం చూశారు, ఆవును చూసి దండం పెట్టారు. ముందువరసలో ఉన్న పిల్లప్ప వంగి కింద పడ్డ చేతులు చూశాడు. ఒకటి చూశాడు, పక్కది చూశాడు. 'ఇదేందప్పా, అన్నిట్కీ ఒకటే గాటు' అన్నాడు. మైకు ఇంకా తెరిచే ఉంది, ఆ మాట గుడి దాటి వినబడింది.

లక్ష్మీదేవమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఒక చేతి మీది గాటును వేలితో తడిమింది. చివర్లో వేసినది, రంగు ఇంకా ఆరలేదు, వేలికి ఎర్రగా అంటింది. ఆమె జనం వైపు తిరిగి నోరు తెరిచింది. రంగు అంటిన వేలిని రెండు పళ్ళు లేని ఆ సందులో పెట్టి చూపించింది.

పిల్లప్ప నిటారుగా నిలబడ్డాడు.

'మునిశంకరా, చొక్కా చెయ్యి పైకి మడువు.'

'రంగు బొమ్మ చూసి నన్ను...' అని వాడు మొదలుపెట్టాడు.

'నీ చెయ్యేనని నువ్వే చెప్తివి కదప్పా, మైకులో. మడువు.'

వాడు మడవలేదు. తలుపు వైపు చూశాడు. తలుపు దగ్గర జనం కదల్లేదు. అప్పుడు ఆడవాళ్ళలోంచి ఆదిలక్ష్మమ్మ వచ్చింది. ఆ మంగళవారం తన చేతి సంగటి తింటున్నాడని స్టేషన్లో చెప్పిన తల్లి. కొడుకు ఎడమచెయ్యి పట్టుకుంది. వాడు లాక్కోబోయాడు, ఆమె వదల్లేదు. గుండీ విప్పింది. చిన్నప్పుడు అన్నానికి కూర్చోబెట్టేముందు చేతులు కడిగేటప్పుడు మడిచినట్టు, మడత మీద మడతగా మోచేతి దాకా మడిచింది. చేతిని వెలుతురుకు తిప్పి చూసింది. పటం వైపు చూసింది. తన తోడికోడలు తెరిచిన నోటి వైపు చూసింది.

'దీనికి పసుపు పెట్టింది నేనే కదరా' అంది. 'కుక్క అంటివి కదరా నాతో?'